ప్రాక్టీసులో పులి, మ్యాచ్‌లో పిల్లి: పోటీకి మనసును సిద్ధం చేసుకోవడం ఎలా

డిసెంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి వచ్చే ప్రశ్న ఒకటే. "మాస్టారండీ, ప్రాక్టీసులో బాగానే ఆడుతున్నానండి. మ్యాచ్‌లో దిగితే కాళ్లు కదలట్లేదండి. ఏం చెయ్యమంటారు?" అడిగేది రాజోలు కబడ్డీ కుర్రాడైనా, పాలకొల్లు వాలీబాల్ అమ్మాయైనా, భీమవరంలో షటిల్ ఆడే పిల్లాడి నాన్నైనా బాధ మాత్రం అదే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

నేను కబడ్డీ మనిషిని. అందుకే ఉదాహరణలు ఎక్కువగా కూత చుట్టూనే తిరుగుతాయి. మిగతా ఆటలవాళ్లు తమకు తగ్గట్టు మార్చుకోండి.

టెన్షన్ పోగొట్టే చిట్కా ఇందులో లేదని ముందే చెప్పేస్తున్నాను. టెన్షన్ పోదు, పోనక్కర్లేదు కూడా. గుండె దడదడలాడుతున్నప్పుడు చేయడానికి చేతిలో ఒక పని ఉండాలి. ఆ పని ప్రాక్టీసులోనే అరిగిపోయి ఉండాలి. దీనికి నాలుగు వారాలు పడుతుంది. సంక్రాంతి టోర్నమెంటు ఆడేవాళ్లు డిసెంబరు రెండో వారంలో మొదలుపెట్టండి. భోగి మంట దగ్గర కూర్చుని మొదలుపెడితే ఆ ఏటికి అంతే.

1. నోటుబుక్కు కొని పాత మ్యాచ్‌లు రాయండి

మందు వెయ్యాలంటే ముందు జబ్బేదో తెలియాలి. మీరు ఆడిన ఆఖరి ఐదు మ్యాచ్‌లు గుర్తు తెచ్చుకుని ఒక్కోదానికి ఈ నాలుగూ రాయండి:

- ఎప్పుడు మొదలైంది? ముందు రాత్రా, బస్సులోనా, మైకులో పేరు పిలిచినప్పుడా, మొదటి తప్పు తర్వాతా?
- ఒంట్లో ఎక్కడ తెలిసింది? నోరు ఎండిందా, కడుపులో తిప్పిందా, పిక్కలు బిగిశాయా?
- బుర్రలో తిరిగిన మాట ఏమిటి? ఉన్నది ఉన్నట్టు రాయాలి, బూతైనా సరే.
- దానివల్ల ఆటలో ఏం చేశారు?

అసలు పనికొచ్చేది నాలుగోదే. "టెన్షన్ పడ్డాను" అని రాసుకుంటే దాంతో నేనూ ఏమీ చేయలేను, మీరూ ఏమీ చేయలేరు. "పది సెకన్లకే వెనక్కి తిరిగేశాను", "విజిల్ పడగానే తొందరపడి సర్వీసు నెట్‌కి కొట్టాను" అని రాస్తే దాన్ని బాగుచేయొచ్చు.

ఇకనుంచి ప్రతి మ్యాచ్‌కి ముందు ఒంట్లో వేడి ఎంతుందో 1 నుంచి 10 లోపు ఒక అంకె వేసుకోండి. 1 అంటే నిద్రమత్తు, 10 అంటే చేతుల వణుకు. మ్యాచ్ అయ్యాక ఎలా ఆడారో పక్కన రాయండి. ఏడెనిమిది మ్యాచ్‌లకి మీరు బాగా ఆడే అంకె ఏదో తేలుతుంది. అది అందరికీ ఒకటి కాదు. పట్టుకి దూకే కార్నర్‌కి (కబడ్డీ కోర్టులో చివరన నిలబడేవాడికి) 7 కావాల్సి రావచ్చు, గురి చూసి సర్వీసు వేసేవాడికి 4 సరిపోవచ్చు. మా కుర్రాళ్లలో సగం మందికి కావాల్సింది వేడి దింపుకోవడం కాదు, ఎక్కించుకోవడం. నిద్రమత్తులో ఉన్నవాడికి పక్కనుంచి "కూల్‌గా ఉండరా" అని చెప్పేవాళ్లే ఎక్కువ.

2. "గెలవాలి" అనేది కోరిక. దానికింద ఒక పని రాసుకోండి

గెలుపు సగం ఎదుటివాడి చేతిలో ఉంటుంది. మన చేతిలో ఉన్నదాన్ని పనిగా రాసుకోవాలి, అదీ కంటికి కనబడేలా:

- రైడర్ (కూతకి వెళ్లేవాడు): మొదటి ఐదు సెకన్లు ఎడమ కార్నర్ పాదం మీదే చూపు.
- కవర్ (కార్నర్‌కి లోపలి పక్కన నిలబడేవాడు): నా పక్కవాడు కదిలాకే నేను కదలాలి, ఒంటరిగా దూకను.
- వాలీబాల్ సర్వీసు: బంతి ప్రతిసారీ ఒకే ఎత్తుకి ఎగరెయ్యాలి.
- షటిల్: కొట్టిన వెంటనే రాకెట్ పైకి.
- 400 మీటర్లు: మొదటి మలుపు దాటగానే భుజాలు వదులు.

మ్యాచ్‌కి రెండే పెట్టుకోండి. మూడోది పెట్టుకుంటే మూడూ మర్చిపోతారు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. "లైను తొక్కకూడదు", "నెట్‌కి కొట్టకూడదు" అని రాసుకుంటారు. బుర్రలో అప్పుడు లైనూ నెట్టే తిరుగుతుంటాయి. "లైనుకి జానెడు ఇవతల", "నెట్ టేపు మీంచి మూరెడు పైన" అని మార్చి రాసుకోండి.

3. ఊపిరి: రోజూ రెండుసార్లు, ఐదేసి నిమిషాలు

ముక్కుతో నాలుగు లెక్కపెట్టే లోపు తీసుకోండి, నోటితో ఆరు లెక్కపెట్టే లోపు వదలండి. మొత్తం పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. వదలడం పొడుగ్గా ఉండాలన్నదే కీలకం. అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. పొద్దున్న కాలవ గట్టున పరుగు అయ్యాక ఐదు నిమిషాలు, రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు చేయండి.

తరచూ జరిగే పొరపాట్లు:

- ఛాతీ ఎగరేసి గబగబా పెద్ద ఊపిరులు లాగడం. తల తిరుగుతుంది. బొడ్డు మీద చెయ్యి పెట్టుకోండి, చెయ్యి కదలాలి.
- తీసుకుని బిగబట్టడం. బిగబట్టే పని లేదు.
- మ్యాచ్ రోజే మొదటిసారి చేయడం. కనీసం రెండు వారాలు అలవాటు కావాలి.

రైడర్లకి ఇది రెండింతలు అవసరం. కూత నడిచేది వదిలే ఊపిరి మీద. కంగారులో సగం ఊపిరితో కూత ఎత్తితే 30 సెకన్ల రైడ్‌లో పదిహేనుకే గొంతు పీలగా అయిపోతుంది, ఆ పీల గొంతు ఎదుటివాళ్లకి వినబడుతుంది. అలాగని కూత ఎత్తడం ఆలస్యం చేసి అవతలి కోర్టులో కాలు పెడితే అంపైర్ వెనక్కి పంపేస్తాడు, ఎదుటి జట్టుకి పాయింటు వస్తుంది. కాబట్టి వరస ఇలా ఉండాలి: మధ్య గీత వెనక ఒక ఊపిరి పూర్తిగా వదిలెయ్యాలి, నిండుగా తీసుకోవాలి, కూత ఎత్తాలి, అప్పుడు గీత దాటాలి. ఎదుటి రైడ్ ముగిశాక మనవాడు ఐదు సెకన్లలో బయల్దేరాలి కాబట్టి దీన్ని గడియారం పెట్టుకుని సాధన చేయండి.

వేడి ఎక్కించుకోవాల్సిన వాళ్లు మొహాన చన్నీళ్లు కొట్టుకుని, ఉన్నచోటే పది గెంతులు గెంతి, తొడలు చరుచుకోండి. చూసేవాళ్లకి వింతగా ఉంటే ఉండనివ్వండి.

4. కళ్లు మూసుకుని ఆడండి

దీన్ని చాలామంది పగటికల అనుకుంటారు. మంచం మీద పడుకుని కప్పు ఎత్తుతున్నట్టు, జనం భుజాన మోస్తున్నట్టు ఊహించుకుంటారు. అది హాయిగా ఉంటుంది కానీ ఆటకి పనికిరాదు. ఊహలో ఆడటం కూడా ప్రాక్టీసే, దానికీ ఒక పద్ధతి ఉంది.

ఆట డ్రస్సులో, బూట్లతో, నిలబడి చేయండి. కుదిరితే కోర్టు గీత దగ్గరే చేయండి. చేతులు, మడమలు కొద్దిగా కదలనివ్వండి. వీడియోలో మిమ్మల్ని మీరు చూస్తున్నట్టు కాకుండా, మీ కళ్లలోంచి ఎదుటి ఏడుగురు కనబడాలి.

ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టండి. రైడ్ ఊహ కూడా సరిగ్గా 30 సెకన్లే నడవాలి. మొదట్లో అందరికీ పన్నెండు సెకన్లలో అయిపోతుంది. అంటే మధ్యలో ముక్కలు ఎగిరిపోతున్నాయని అర్థం. ఎగిరిపోయిన ఆ ముక్కల్లోనే మ్యాచ్‌లో మీరు తడబడతారు.

ఇప్పుడు చోటు నింపండి. ఫ్లడ్‌లైటు చుట్టూ పురుగులు, కంట్లో పడే ఆ వెలుగు, మంచుకి తడిసి జారే మ్యాటు, మట్టి కోర్టయితే కాలికింద నీళ్లు చల్లిన మట్టి, అరచేతికి రాసుకున్న మట్టి పొడి. మైకులో ఒకాయన ఆపకుండా చెబుతుంటాడు. కొబ్బరిచెట్ల అవతల ఎవరో బాంబు పేలుస్తారు. ఎంత దగ్గరగా ఊహిస్తే ఆ రోజు అంత పాత చోటులా ఉంటుంది.

నాలుగు రైడ్లు చాలు, మొత్తం పది నిమిషాల లోపే:

- ఒకటి మామూలుగా, బోనస్ కోసం (బోనస్ గీత దాటితే వచ్చే పాయింటు).
- ఒకటి చీలమండ దొరికిపోయి, విడిపించుకుని గీత అందుకునేది.
- ఒకటి అవుటయ్యేది. అవుటై బయటికి నడిచి, కూర్చుని, ఊపిరి వదిలి, స్కోరు చూసేదాకా ఊహించండి.
- ఒకటి డూ ఆర్ డై (వరసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చేది, పాయింటు తేకపోతే అవుటే).

మూడోది వద్దంటారు, అపశకునమట! నా లెక్కలో నాలుగింటిలో ఎక్కువ పనికొచ్చేది అదే. అవుటవడం ఎలాగూ జరుగుతుంది. జరిగాక ఏం చేయాలో తెలిసినవాడు తర్వాతి రైడ్ పాడుచేసుకోడు.

ఊహలో ఎంతసేపూ పట్టుబడిపోతున్నట్టే వస్తోందని కొందరంటారు. అలాంటప్పుడు వేగం తగ్గించి, పట్టు పడే క్షణానికి రెండు సెకన్ల ముందు ఆపి, అక్కణ్ణుంచి వేరే అడుగుతో మళ్లీ నడపండి.

5. ప్రాక్టీసులోకే రొదను తెచ్చుకోండి

మూడేళ్ల కిందటి సంగతి. రాత్రి పన్నెండు దాటింది, సెమీస్, రెండు నిమిషాలుంది, ఒక పాయింటు వెనక ఉన్నాం. మా మంచి రైడర్ లోపలికెళ్లాడు. అడుగులు అందంగా పడుతున్నాయి, కూత గట్టిగా ఉంది. బోనస్ గీత దాకా వెళ్లి, ఎవర్నీ ముట్టుకోకుండా, ఇరవై ఐదో సెకనుకి నింపాదిగా వెనక్కి వచ్చేశాడు. అంపైర్ చెయ్యి ఎత్తి అవుట్ అన్నాడు. వాడు నావైపు తిరిగి "ఎందుకండీ?" అన్నాడు. అది డూ ఆర్ డై. అంతకుముందు రెండు రైడ్లు ఖాళీగా వచ్చాం, మూడోది కూడా ఖాళీ అయితే అవుటే. ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పే కుర్రాడే. తర్వాత చెప్పాడు: "మైకులో నా పేరు చెప్పారండి. అక్కణ్ణుంచి ఇంకేం వినపళ్లేదండి."

తప్పు నాది. నెలరోజులు నిశ్శబ్దంగా ఉన్న బడి గ్రౌండులో ఆడించి, అలాంటి రాత్రిలోకి తోశాను. ఇప్పుడు ఆఖరి రెండు వారాలు, వారానికి రెండుసార్లు ఇలా చేయిస్తున్నాను:

- సౌండు బాక్సులో పాత మ్యాచ్ రికార్డింగు పెట్టి, ఆటగాళ్ల పేర్లు మైకులో పిలిపించడం.
- ఒళ్లు అలిసిపోయాక "రెండు నిమిషాలు, ఒక పాయింటు వెనక" అని ఒకే ఒక్క ఆట. రెండో ఛాన్సు లేదు, "మళ్లీ ఆడదాం మాస్టారండీ" అంటే ఒప్పుకోకూడదు.
- ఓడిన జట్టు మ్యాట్లు చుట్టాలి, గెలిచినవాళ్లు గట్టుమీద కూర్చుని చూడాలి. చిన్న నష్టం చాలు, గుండె వేగం మారుతుంది.
- ఆదివారాలు ఇంట్లోవాళ్లని, వీధిలోవాళ్లని పిలిచి కూర్చోబెట్టడం. అత్తలు, మేనమామలు చూస్తుంటే ఎంతటివాడికైనా పిక్క బిగుస్తుంది.
- ఒకటి రెండు కావాలని ఇచ్చే తప్పుడు నిర్ణయాలు. ఎవరు నోరు జారతారో అప్పుడే తెలుస్తుంది.

పిల్లలు పదమూడేళ్ల లోపువాళ్లయితే వాళ్లతో ఇంత బరువు మోయించకండి. సౌండు, చూసే జనం చాలు.

6. మీ ఆటలో మీకు దొరికే సెకన్లు లెక్కపెట్టండి

ప్రతి ఆటలోనూ మీరు మీతో ఉండే చిన్న చిన్న ఖాళీలు ఉంటాయి. టెన్షన్ దూరేదీ అక్కడే, దాన్ని సర్దుకునేదీ అక్కడే.

- కబడ్డీ: రైడ్‌కి ముందు ఐదు సెకన్లు, 30 సెకన్ల టైమ్ అవుట్, సగం మ్యాచ్ దగ్గర 5 నిమిషాలు, అవుటై కూర్చున్నంతసేపూ.
- వాలీబాల్: విజిల్ తర్వాత సర్వీసుకి 8 సెకన్లు.
- షటిల్: 21 పాయింట్ల గేమ్‌లో 11 దగ్గర 60 సెకన్లు, గేముల మధ్య 2 నిమిషాలు.
- వెయిట్‌లిఫ్టింగ్: పేరు పిలిచాక ఒక నిమిషం.

ఈ ఖాళీలో మూడే పనులు, ఇదే వరసలో:

వదులు. ఊపిరి పొడుగ్గా వదిలి, దవడ, భుజాలు వదులు చేయండి. చేతికి ఏదైనా గుర్తు పెట్టుకోండి. మావాళ్లు అరచేతులు నిక్కరుకి ఒకసారి తుడుస్తారు. ఆ తుడుపుతో పాత పాయింటు అయిపోయినట్టే.

చూడు. స్కోరు, టైము, ఎదుట ఎంతమంది. ఆరుగురు లేదా ఏడుగురు ఉంటేనే బోనస్, ముగ్గురో అంతకంటే తక్కువో ఉంటే వాళ్లకి సూపర్ టాకిల్ (పట్టుకి ఒక పాయింటు అదనం) అవకాశం. ఇప్పుడు మా జట్టులో ప్రతి రైడర్ బయల్దేరేముందు కెప్టెన్ "ఎన్నోది?" అని అరుస్తాడు, రైడర్ "మూడు!" అని జవాబు చెప్పి తీరాలి. జవాబు రాకపోతే టైమ్ అవుట్ అడుగుతాం.

చెప్పు. రెండో మెట్టులో రాసుకున్న పనిని రెండు ముక్కల్లో మీకు మీరే చెప్పుకోండి: "ఎడమ పాదం." అంతే. ఈ చోట పొడుగు ఉపదేశం పనికిరాదు. చెయ్యి ఎలా చాపాలి, మోకాలు ఎంత వంచాలి అని అప్పుడు ఆలోచిస్తే ఒంటికి వచ్చిన ఆట కూడా పోతుంది.

2022 మే 15న బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ (దేశాల మధ్య మగవాళ్ల షటిల్ పోటీ) ఫైనల్లో అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ మొదటి గేమ్ 18-21తో పోగొట్టుకుంది. రెండోది మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో, మూడోది 21-19తో గెలిచింది. ఆ వీడియో పిల్లలకి చూపించేటప్పుడు ర్యాలీలు దాటించేసి, ర్యాలీకీ ర్యాలీకీ మధ్య ఇద్దరూ ఏం చేస్తున్నారో మాత్రమే చూపించండి.

7. "ఇలా అయితే అలా" చీటీ

మ్యాచ్‌లో కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు. జరగొచ్చని మీరు భయపడే ఐదు సంగతులు రాసి, ఎదురుగా ఒక్కో పని రాయండి. నా దగ్గరున్న ఒక చీటీ ఇది:

- మొదటి రైడ్‌లోనే దొరికిపోతే: కూర్చున్నచోట మూడు ఊపిరులు, తర్వాత వాళ్ల కార్నర్ ఏ కాలు ముందు పెడుతున్నాడో చూస్తా.
- అంపైర్ తప్పు చెబితే: చేతులు వెనక్కి, కెప్టెన్ మాట్లాడతాడు.
- ఎదుటివాడు వెక్కిరిస్తే: వాడి మోకాళ్ల కింద మాత్రమే చూస్తా.
- పందెం కాసినవాళ్లు గట్టుమీంచి తిడితే: అది నా లెక్క కాదు, "ఎన్నోది?" అడుగుతా.
- కాలు పట్టేస్తే: దాచను, చెయ్యి ఎత్తుతా.

పడుకునేముందు చదువుకోండి. వారం తిరిగేసరికి చీటీ అక్కర్లేకుండా పోవాలి.

8. ముందు రాత్రి, ఆ రోజు

ముందు రాత్రి నిద్ర పట్టకపోతే బెంగపడకండి. ఒక్క రాత్రి తగ్గినంత మాత్రాన ఆట పడిపోదు, అంతకుముందు నాలుగైదు రాత్రులు సరిగ్గా పడుకున్నారా అన్నది ముఖ్యం. "నిద్ర పట్టట్లేదే" అని ఫోన్ తీసి గ్రూపులు చూడటం మాత్రం చేయకండి.

మన ఊరి టోర్నమెంట్లలో అసలు శత్రువు ఎదురుచూపు. కాగితం మీద సాయంత్రం ఆరు అని ఉంటుంది, మీ పేరు పిలిచేసరికి పదకొండు. ఆ ఐదు గంటలూ గ్రౌండు అంచున నిలబడి మిగతా మ్యాచ్‌లకి అరిచినవాడు, లోపలికి దిగేసరికి ఖాళీ సంచి. మొదటి పావుగంట కోర్టు, లైట్లు, గీతలు చూసుకుని పక్కకి వెళ్లిపోండి. మీకు ముందున్న మ్యాచ్ సగం అయ్యాక వామప్ మొదలుపెట్టండి.

రెండో శత్రువు చుట్టరికం. పండగ రోజుల్లో ఏ ఊరెళ్లినా ఒక పిన్నిగారిల్లు ఉంటుంది. "ఆయ్, రెండు గారెలు తిని వెళ్లు బాబూ" అంటారు, ఆ వెనకే కోడికూర వస్తుంది. "మ్యాచ్ అయ్యాక వస్తానండి, పొయ్యి మీదే ఉంచండి" అనండి, ఎవరూ నొచ్చుకోరు. మూడు గంటల ముందు అన్నం, పప్పు, పెరుగు చాలు. దిగడానికి గంట ముందు అరటిపండు.

సంచిలో, చేతిలో:

- నోటుబుక్కు, చీటీ
- ఆధార్ కాపీ, ఫోటోలు (వీటికోసం వెతుక్కోవడంలోనే సగం వేడి ఎక్కుతుంది)
- పొడి బనీను, తువ్వాలు, నీళ్లు
- అంకె వేసుకున్నారా?
- రెండు పనులు రాసుకున్నారా?
- ఫోన్ ఇంకొకరికి ఇచ్చేశారా?

9. అమ్మానాన్నలకి, మాస్టార్లకి

"ఈసారి కప్పు తేవాల్సిందే", "ఊరి పరువు నీ చేతుల్లో ఉంది" అనకండి. దిగేముందు కొత్త సలహా ఇవ్వకండి. టైమ్ అవుట్‌లో నలుగురు ఒకేసారి మాట్లాడకూడదు, ఒక్కరే, ఒక్క పనే చెప్పాలి. ఓడి వచ్చినప్పుడు ఇంటికెళ్లే దారంతా మ్యాచ్ విప్పి చెప్పే నాన్నల్ని చాలామందిని చూశాను. బండి వెనక కూర్చున్న పిల్లాడికి అది రెండో ఓటమి. ముందు టిఫిన్ పెట్టించండి.

10. మ్యాచ్ అయ్యాక

ఆ రాత్రి ఏమీ రాయొద్దు. మర్నాడు నోటుబుక్కు తీసి అంకె, రెండు పనుల్లో ఎన్నిసార్లు చేశారు, చీటీలో ఏది వాడారు, కొత్తగా ఏం జరిగింది అన్నవి రాయండి. పది నిమిషాల పని. గెలిచినప్పుడు కూడా రాయాలి. గెలిచిన మ్యాచ్‌లో చేసిన తప్పులు ఎవరూ చెప్పరు.

11. ఇది సరిపోనప్పుడు

మెడికల్ షాపులో అడిగి "టెన్షన్ బిళ్ల" వేసుకోవద్దు. గుండె దడ తగ్గించే బీటా బ్లాకర్లు విలువిద్య, షూటింగ్ లాంటి ఆటల్లో డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి. మిగతా ఆటల్లో కూడా డాక్టరు చూడకుండా వేసుకుంటే ప్రమాదమే, ఉబ్బసం ఉన్నవాళ్లకి మరీను.

రెండు వారాలకి పైగా నిద్ర సరిగ్గా పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఆట లేని రోజున కూడా ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అవుతున్నా, ఇష్టమైన ఆట పేరెత్తితేనే ఏడుపు వస్తున్నా ఈ మెట్లు పక్కనపెట్టి సైకియాట్రిస్టుని కలవండి. బతకాలని లేదన్న మాట పిల్లల నోట వస్తే మర్నాటిదాకా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. వెంటనే ఫోన్ చేయాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.